చెయ్యి ఆగకూడదు

కాటుక మళ్ళీ కాలెత్తింది. ఎడమ వెనక కాలు, గిట్ట కొన మాత్రం గడ్డి మీద ఆనించి, తన్నాలా వద్దా అని ఇంకా తేల్చుకోనట్టు నిలబడింది. ఆమె వెనక్కి జరగలేదు. భుజాన్ని దాని తొడకు ఇంకా గట్టిగా ఆనించింది. గుర్రానికి దూరంగా నిలబడితే తన్ను నిండు బలంతో తగులుతుంది, అంటిపెట్టుకుని నిలబడితే తోసి పడేస్తుందంతే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి పాఠం అది, ఆ తర్వాత నేర్చుకున్నవన్నీ దానికి కొసరు. తల దగ్గర తాడు పట్టుకున్న ముసలి సైసు, ఈ శాలలో గుర్రాలను మేపి, కడిగి, వాటితో పాటే ముసలివాడైన మనిషి, నాలుకతో చప్పుడు చేస్తూ దాన్ని ఊరడిస్తున్నాడు. కాటుక కళ్ళకు నల్లగుడ్డ కట్టి ఉంది. తన కళ్ళకు ఆకుపచ్చ అద్దాలు, సైసుకూ అవే, నొప్పి తగ్గించే లేజరు వెలుతురు ఎవరి కంట్లోనూ పడకూడదు కాబట్టి. ఆ అద్దాల్లోంచి శాలంతా పాచి పట్టిన నీళ్ళ అడుగున మునిగినట్టుంది, గడ్డి, గోడ, బకెట్టు అన్నీ ఒకటే రంగు, నల్ల గుర్రం ఒక్కటే నల్లగా. ఇప్పుడు, ఈ క్షణంలోనే, ఊరికి ఆ చివర ఆసుపత్రిలో, ఇంకో ఆకుపచ్చ గుడ్డల గదిలో తమ్ముణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు కోసి ఉంటారు. వాణ్ణి అక్కడికి పంపింది ఇదే. ఈ తొడే, ఈ నడుమే, తన భుజం ఆనుకుని ఉన్న ఈ ఒళ్ళే మొన్న స్వారీలో వాడి మీద పడింది.

"దిగుతుందిలే తల్లీ, తొందరపడకు," అన్నాడు సైసు. తనతో అన్నాడో గుర్రంతో అన్నాడో తెలియలేదు.

తొందర తనకేముంది, తొందరంతా వాడిదే. పొద్దున ఆసుపత్రిలో చక్రాల మంచం తోసుకుపోతుంటే, రెండు తలుపులూ తెరుచుకుంటుంటే, అప్పుడూ తొందరే. అక్కా, కాటుక ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదట, నువ్వెళ్ళు అన్నాడు. ఇప్పుడా అంది తను. ఇప్పుడే, ఇక్కడ కూర్చుని నువ్వు చేసేదేముంది, ఎదుటి గోడకు కాపలా కాయడం తప్ప, అని నవ్వాడు. మొహం మటుకే నవ్వింది. నడుము నుంచి కిందికి తన మీద కప్పిన దుప్పటిలాగే పడి ఉన్నాడు. మొన్న తీసుకొచ్చిన గంటలోనే డాక్టరు గుండుసూది పట్టుకుని వాడి పాదం మీద గుచ్చింది. తెలుస్తోందా, లేదు. పిక్క మీద, ఇక్కడ, లేదు. మోకాలు, తొడ, లేదు, లేదు. బొడ్డు దాటాక ఎక్కడో ఆఁ అన్నాడు. ఆ ఆఁ వినడానికే అందరూ బతికి ఉన్నట్టు అయిపోయింది అప్పటికి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుండుసూదులతోనే బతికిన దర్జీ మనిషి అమ్మ, వేళ్ళకు గుచ్చుకుంటే చప్పరించి మళ్ళీ కుట్టే మనిషి, ఆ సూదిని చూడలేక మొహం తిప్పుకుంది. ఇవాళ ఆసుపత్రి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తను సంచీ భుజానికి తగిలించుకోవడం చూసి, గొంతు పెంచకుండా అంది. తోడబుట్టినవాడు లోపలుంటే, వాణ్ణి తొక్కినదానికి నువ్వు కాళ్ళు పిసకడానికి పోతున్నావా. కాళ్ళు కాదమ్మా, నడుము, అనబోయింది తను. నోరు అలాంటప్పుడే తప్పుడు మాట వెతుక్కుంటుంది. అనలేదు. వాడు వెళ్ళమన్నాడు అని మాత్రం అంది. వాడు చెప్పిందల్లా ఏనాడు విన్నావు, ఇవాళ వినడానికి, అంది అమ్మ. లిఫ్టు వచ్చింది. ఎక్కింది. తలుపు మూసుకునేదాకా అమ్మ తన వైపు చూడలేదు.

కాలు దిగింది. ముందు గిట్ట కొన, తర్వాత మడమ, తర్వాత బరువులో కొంచెం. ఆమె ఊపిరి వదిలి, ఎడమ చేతిని దాని వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండ మీద నడిపించింది. జీను ఆనే చోటు నుంచి నడుము దాకా బారుగా సాగిన కండ అది, మామూలుగా అయితే కోసిన మాంసంలా మెత్తగా ఉండి వేలికి లొంగుతుంది. ఇవాళ కర్రలా ఉంది. నడుము దాటాక, పిరుదు మొదలయ్యే చోట పిడికిలంత గడ్డ. వేలు తగలగానే చర్మం ఈగ వాలినట్టు అదిరి, ఆ అదురు పక్కటెముకల దాకా పోయింది. పశువుల డాక్టరు నిన్నా ఇవాళా చూసి వెళ్ళాడు. ఎముకలేవీ విరగలేదు, లోపల నెత్తురు కారడం కూడా ఆగింది, ఇక మీరు మొదలుపెట్టొచ్చు, కానీ మేత ముట్టట్లేదు, నొప్పికి ఒళ్ళు బిగబట్టి నిలబడిపోయింది, కదలకపోతే పేగు కూడా కదలదు, గుర్రానికి కడుపు ఆగిపోయిందంటే ఇక అంతే, రేపటికీ ఇలాగే ఉంటే ఆలోచించాలి, అన్నాడు. ఆలోచించాలి అన్న మాటకు ఈ శాలల్లో ఒకటే అర్థం. ఆ మాట అన్న మర్నాడు డాక్టరు పెద్ద సూది తెస్తాడు, సైసు ఎక్కడికో పని కల్పించుకుని పోతాడు, ఆ గది కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది.

మీట నొక్కింది. సూట్‌కేసంత లేజరు మిషను సన్నగా మూలిగింది. లోపలి ఫ్యాను తిరుగుతోంది. పిడి చివర నుంచి కంటికి కనిపించని వెలుతురు కండలోకి దిగుతోంది, కనిపించేదల్లా దారి చూపే చిన్న ఎర్ర చుక్క, ఈ అద్దాల్లో అదీ బూడిద రంగే. గీతలు గీతలుగా, పొలం దున్నినట్టు, ఒక చాలు పక్కన ఇంకో చాలు. చెయ్యి ఆగకూడదు. తెల్ల గుర్రమైతే కాసేపు ఆగినా ఫరవాలేదు, నల్ల వెంట్రుక వెలుతురునంతా తాగేసి వేడి చేస్తుంది, బలం తగ్గించి పెట్టాలి, అయినా ఆగకూడదు, ఆగితే కాలుతుంది. ఈ పని నేర్పిన ఆవిడ అదే చెప్పేది, ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద వదిలేసి ఫోను మాట్లాడతావా, ఇదీ అంతే. తన బుర్రకు ఆ మాట వెంటనే ఎక్కింది, ఇస్త్రీ పెట్టెల మధ్య పెరిగిన పిల్ల కదా. అమ్మ దుకాణంలో బొగ్గుల పెట్టె ఉండేది, తమ్ముడు దాన్నే గుర్రం చేసుకునేవాడు, చల్లారాక దాని పిడికి గుడ్డపేలిక కళ్ళెం కట్టి బల్ల మీద ఉరికించేవాడు, అమ్మ కత్తిరించిన చొక్కా ముక్కలన్నీ వాడికి కంచెలు, జేబు చిన్న కంచె, వీపు ముక్క పెద్ద కంచె. పడ్డప్పుడల్లా పెట్టె పడినట్టు చెప్పేవాడు, తను పడేసినట్టు కాదు. కానీ మొన్న అంబులెన్సులో మాత్రం, మొహం సున్నంలా పాలిపోయి, తప్పు దానిది కాదక్కా, గోడ దగ్గర దూకమని నేనే ముందుగా కాలు బిగించాను, అది నా మాట విన్నది, విని చెడింది, అన్నాడు. ఎప్పుడు పెద్దవాడయ్యాడు. ఎవరూ చూడనప్పుడు.

గోడ అంటే నిజం గోడ కాదు, పోటీల్లో గుర్రాలు దూకి దాటే అడ్డు, చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎర్ర రంగు వేసింది, తగిలితే పడిపోవాలి. పడిపోయింది కూడా. తను మైదానం చుట్టూ ఉన్న కమ్మీల పక్కనే ఉంది. కాటుక దౌడు మీద వస్తూ చివర్న ఒక అర అడుగు తడబడి, అయినా ఎగిరింది. ముందరి కాళ్ళు దాటాయి. వెనక కాళ్ళలో ఒకటి దిమ్మెకు చిక్కింది. అప్పుడు అది గుర్రంలా లేదు, ఎవరో పై అంతస్తు నుంచి తోసిన బీరువాలా ఉంది, తల కిందికి, తోక మీదికి, వాడు ఎక్కడున్నాడో కనపడలేదు. చప్పుడు ఆలస్యంగా వినిపించింది. దుమ్ములోంచి ముందు గుర్రం లేచింది. లేచి నిలబడింది. వాడు లేవలేదు. అది అక్కడి నుంచి పారిపోలేదు, వాడి పక్కనే తల దించుకుని నిలబడింది, వాడి కోచ్ వచ్చి లాగినా కదల్లేదు. తర్వాత అందరూ అదే చెప్పుకున్నారు, చూడు ఎంత ప్రేమో అని. ప్రేమేమిటి, కదలలేక నిలబడింది, నడుము పట్టేసింది. తనకు తెలుసు. తెలిసినా ఎవరితోనూ అనలేదు. ఎందుకు అనాలి. ఇది నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉందిగా. నొప్పి తెలుస్తోందిగా దీనికి. ఎంత చక్కగా తెలుస్తోంది, వేలు పెడితే చాలు ఒళ్ళంతా జలదరిస్తోంది, చెవులు వెనక్కి పోతున్నాయి, పళ్ళు కొరుకుతోంది. వాడి కాలికి సూది గుచ్చితే లేదు అన్నాడు. లేదు. అంత నెమ్మదిగా అన్నాడు, ఇంటికి అతిథి వచ్చి నాన్న ఉన్నారా అంటే లేరండీ అన్నట్టు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని అమ్మ అనేది, వాడు చిన్నప్పుడు చదువుకోకుండా అన్నం తింటే. ఇప్పుడు దాణాకు ఎవరు తక్కువ, ఎవరు ఎక్కువ. ఎంతమంది చేతులు దీని మీద. డాక్టరు చెయ్యి, సైసు చెయ్యి, తన చెయ్యి. మనుషుల వైద్యం చదివింది తను. మోకాళ్ళు, భుజాలు, పక్షవాతం వచ్చిన చేతులు చూసింది, రెండేళ్ళు చేసి వదిలి గుర్రాలకు వచ్చింది, వాడి కోసమే, వాడి గుర్రాలకు నొప్పి ఉండకూడదని. మనుషులు అయిపోయారా అని అమ్మ అడిగింది అప్పుడు. అయిపోలేదమ్మా. ఒకడున్నాడు. వాడికి నేను చేయగలిగింది ఇవాళ ఏమీ లేదు, ఎర్ర చుక్క లేదు, ఏమీ లేదు. నొప్పి తీసేసే మిషను చేతిలో పెట్టుకుని, నొప్పే లేనివాడికి ఏం చేయను.

చెయ్యి ఆగింది.

ఆగిందని ముందు చేతికే తెలిసింది. గడ్డ మీద, పిరుదు మొదలయ్యే చోట, చుక్క కదలకుండా నిలబడింది, వేలు మీట మీదే ఉంది. వద్దు అని ఎవరూ అనలేదు. వెంట్రుక కింద వేడి పుడుతోంది, చర్మం కింద, కండలో. కొంచెం సేపు. దీనికీ తెలియాలి. ఏం తెలియాలి, దీనికి తెలియనిదేముంది, అనే ఇంకో గొంతు దూరంగా ఎక్కడో ఉంది. అది వినపడుతూనే ఉంది, వినపడినా వేలు లేవలేదు. వెంట్రుకలు మాడబోయే ముందు వచ్చే పలచని వాసన, బొగ్గుల పెట్టె కింద ఉన్ని గుడ్డ వాసన. కాటుక చెవులు రెండూ మెడకు అతుక్కుపోయాయి. పొట్ట బిగిసింది. ఇప్పుడు తంతుంది. తన్నాలి. తన్నితే బాగుండు, తన్నితే ఇద్దరికీ సరిపోతుంది. అది తన్నలేదు. కళ్ళు కనపడని తలను పక్కకు తిప్పి, ఎవరున్నారో తెలుసుకోవాలన్నట్టు, ముక్కుతో గాలిలో వెతికింది. ఆ ముక్కు ఆమె మోచేతి దాకా వచ్చి ఆగింది. వేడి ఊపిరి. కరవలేదు. అక్కడే ఊపిరి వదులుతూ నిలబడింది.

"చెయ్యి ఆగింది తల్లీ," అన్నాడు సైసు.

గొంతులో కోపం లేదు. పాలు పొంగుతున్నాయి చూడు అన్నట్టు అన్నాడు.

"ఆగింది బాబాయ్," అంది ఆమె. వేలు ఎత్తింది. మిషను మూలుగు తగ్గింది. అరచెయ్యి ఆ చోట పెట్టి చూసింది, వేడిగా ఉంది, కానీ కాలలేదు. వెంట్రుకల కొసలు ముడుచుకోలేదు. కాలలేదు, కాలలేదు, అని తనకు తనే చెప్పుకుంది.  బకెట్టులో గుడ్డ తడిపి, పిండి, ఆ చోట వేసింది. చల్లదనానికి కాటుక ఒక్కసారి తుళ్ళి పడింది, తర్వాత నిలబడింది. గుడ్డ పట్టుకుని నిలబడి ఆమె ఏడవబోయింది, ఏడుపు రాలేదు, ముక్కు మాత్రం కారింది. అద్దాలు ఉండగా తుడుచుకోవడం ఎంత కష్టమో.

"ఈ పూటకు చాలిద్దామంటావా," అన్నాడు సైసు.

"వద్దు. తిన్నగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా. మొన్నటి నుంచీ దీని మీద నాకూ ఉంది కోపం. నీళ్ళ తొట్టి తన్ని పగలగొట్టాను నిన్న. తొట్టిదేం తప్పని మా ఆవిడ నవ్వింది."

ఆమె మళ్ళీ మీట నొక్కింది. ఇప్పుడు వెన్ను పక్కన, గడ్డకు దూరంగా, చెయ్యి నడుస్తోంది. చాలు, పక్కన చాలు, మళ్ళీ చాలు. చేతిని చూసుకుంటోంది, పరాయి మనిషి చేతిని కాపలా కాసినట్టు. ఈ టార్చిలైటు వైద్యం అని కోచ్ వెక్కిరిస్తాడు, వెక్కిరించి, పోటీకి ముందు తనే పిలుస్తాడు. తనకైనా ఇందులో మాయలేవీ ఉన్నాయని నమ్మకం లేదు. కొన్నిటికి తగ్గుతుంది, కొన్ని వాటంతటవే తగ్గేవి, కొన్నిటికి ఏం చేసినా లేదు. కండలో నెత్తురు కొంచెం చురుగ్గా నడుస్తుంది, బిగిసిన పోగులు కొంచెం వదులవుతాయి, నొప్పి కొంచెం పక్కకు తప్పుకుంటుంది, అంతే. ఆ కొంచెంలోనే గుర్రం ఊపిరి తీసుకుంటుంది. ఇప్పుడు ఆ కొంచెం కోసం వేలి కింద వెతుకుతోంది. ఇంకా కర్రే. ఇంకా కర్రే. ఫోను జేబులో కదిలిందనుకుంది, కదల్లేదు, తొడే అదిరింది. ఇంత సేపు ఎందుకు, లోపల ఏం కుడుతున్నారు. అమ్మ అయితే ఈపాటికి కుట్టి, దారం పళ్ళతో తెంపి, మడత పెట్టి ఇచ్చేది. అమ్మ ఒక్కతే అక్కడ కూర్చుంది. పక్క కుర్చీలో ఎవరో తెలియని వాళ్ళు ఎవరి కోసమో ఏడుస్తుంటే అమ్మ వాళ్ళకు నీళ్ళు ఇచ్చి ఉంటుంది, తన సీసాలోవే, అమ్మ అంతే. తన వైపు చూడకపోవడం కోపం కాదు. చూస్తే వెళ్ళొద్దని బతిమాలాల్సి వస్తుందని.

కొంచెం సేపటికి కాటుక కింది పెదవి వేలాడింది. సైసు చూసి కళ్ళతో సైగ చేశాడు. చెవులు పక్కలకు దిగాయి, ఒకటి ముందు, ఒకటి తర్వాత. పెదవులు చప్పరించింది. తర్వాత, ఎంత పొడుగ్గా ఉందో ఆ మొహమంతా తెరిచి, పసుపు పళ్ళన్నీ చూపించి ఆవలించింది. ఆవలింత ఇంకోటి. వేలి కింద కండ పొర ఒకటి లొంగింది, మంచు కరిగినట్టు కాదు, మొండి పిల్లాడు అన్నం ముద్దకు నోరు తెరిచినట్టు, ఇష్టం లేకుండానే. ఆమె చెయ్యి నడుస్తూనే ఉంది. 

ఫోను మోగింది. ఈసారి తొడ కాదు. మిషను ఆపి, అద్దాలు నెత్తి మీదికి తోసి, తడి చేతులతో జేబులోంచి లాగేసరికి రెండుసార్లు జారింది.

"అమ్మా."

"బయటికి తెచ్చారు." అమ్మ గొంతు వసారాలో నడుస్తున్న మనిషి గొంతు. "ఎముక ముక్క నరం మీద ఒరిగి ఉందట, తీసేశారట. కాళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమంటున్నారు. ఇంకా మత్తులోనే ఉన్నాడు. కళ్ళు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు."

"నిన్ను గుర్తు పట్టాడా."

"పట్టాడు. పట్టి, నన్నేమీ అడగలేదు. కాటుక అన్నాడు."  ఏదో తలుపు కిర్రుమంది. "ఏం చెప్పను వాడికి. దానికెలా ఉంది."

 అమ్మ నోట ఆ గుర్రం గురించి ఇలా ఒక ప్రశ్న, కోడలి ఆరోగ్యం అడిగినట్టు. "ఇప్పుడే కొంచెం వదులైందమ్మా. నడిపించి చూడాలి."

"చూడు మరి. నేను ఆగుతాను. లేనిది ఉన్నట్టు వాడితో చెప్పలేను, వాడు నా మొహం చూస్తే కనిపెట్టేస్తాడు."

సైసు అప్పటికే కళ్ళగుడ్డ విప్పి, గది తలుపు తీశాడు. ఎండ లోపలికి పడింది. కాటుక కళ్ళు చికిలించి, గుమ్మం వైపు చూసి, నిలబడిపోయింది. సైసు లాగలేదు. తాడు వదులుగా పట్టుకుని, తనకేమీ పట్టనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. తాతకు దగ్గులు నేర్పాలా, ఆమె గోడకు ఆనుకుంది. ఫోనులో అమ్మ ఊపిరి. ఆ వెనక ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. కాటుక ముందరి కాలు ఒకటి కదిలింది. నడుము బిగిసింది. వెనక కాలు, ఎడమది, గడ్డిని ఈడ్చుకుంటూ వచ్చి, నేల మీద ఆనింది. ఆని, నిలిచింది. ఇంకొకటి. గుమ్మం దాటింది. ముసలామె మెట్లు దిగినట్టు ఒళ్ళంతా జాగ్రత్త చేసుకుంటూ ఆవరణలోకి వచ్చి, అక్కడ ఆగి, తోక ఎత్తింది.

"అదీ," అన్నాడు సైసు నెమ్మదిగా. "పేగు కదిలింది తల్లీ. ఇక డాక్టరు ఆలోచించక్కర్లేదు."

"ఏమైంది," అంది అమ్మ ఫోనులో. "ఏమైందే, చెప్పవేం."

"లద్ది వేసిందమ్మా. నడిచి బయటికొచ్చి లద్ది వేసింది."

  అటు నుంచి అమ్మ చెప్పులు, వేగంగా. తలుపు. ఇక్కడ ఫోను కూడదమ్మా అంటున్న నర్సు. ఒక్క మాటమ్మా, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను అంటున్న అమ్మ. ఆ తర్వాత, దుకాణంలో గిరాకీకి చొక్కా ఎప్పుడు ఇస్తానో చెప్పే గొంతుతో, "నాన్నా, వింటున్నావా. నీ గుర్రం బయటికొచ్చి లద్ది వేసిందట. అక్క చెప్పమంది."

గరగర. ఏదో మిషను టిక్కు టిక్కు మంటోంది. వాడి గొంతు ఎక్కడో అడుగున, ముద్దగా, గుర్తు పట్టడానికి లేకుండా. నవ్వేమో అది. నవ్వు మధ్యలో తెగి మూలుగైంది.

"నవ్వించకమ్మా. నొప్పి."

"ఎక్కడ్రా." అమ్మ గొంతు మారింది. "ఎక్కడ నొప్పి."

"వీపంతా."

"వీపేనా."

ఆవరణలో కాటుక తల దించి గచ్చు పగుళ్ళలో మొలిచిన గడ్డిపరకను వాసన చూస్తోంది. సైసు ఆమె మొహం చూసి తాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆమె ఫోనును చెవికి ఎంత గట్టిగా అదిమిందంటే చెవిలో తన నెత్తురు చప్పుడే ఎక్కువగా ఉంది, దాన్ని తోసుకుని వినాల్సి వస్తోంది.

"కిందికి కూడా," అన్నాడు తమ్ముడు. "తొడ మండుతోంది."

"ఏ తొడ," అంది అమ్మ.  "ఏ తొడరా నాన్నా, నిద్రపోకు, చెప్పి పడుకో."

"కుడిది." వాడి మాట విసుగ్గా, నిద్రలేపిన పిల్లాడి మాటలా వచ్చింది. "కుడిది, అమ్మా. ఎవరో ఇస్త్రీ పెట్టినట్టు. తీయమను."

నర్సమ్మా, అని అమ్మ అరిచింది, వీడికి తొడలో నొప్పిగా ఉందట, డాక్టర్ని పిలవండి, తొడలో. చెప్పుల చప్పుళ్ళు, చాలా. ఫోను ఎక్కడో గుడ్డల మీద పడ్డట్టుంది, ఇక మాటలు మాటల్లా లేవు. ఆమె దాన్ని చెవి నుంచి తీయలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి గడ్డి మీద కూర్చుంది. ఎంత మండుతోందో అడగాలని ఉంది, బాగా మండుతోందా అని.